ఒడి ఒక్కటే చాలదు: పసిపిల్లలతో పడవ ఎక్కే ముందు

ప్రశ్న: మేము తార్నాకలో ఉంటాం. మా వారూ మరిదీ కలిసి నిరుడు 18 అడుగుల పాత ఫైబర్ పడవ ఒకటి కొన్నారు. వెనక 40 హార్స్‌పవర్ ఇంజిన్ బిగించి ఉంటుంది, పైన గుడ్డ టాపు ఉంది. దాన్ని కొల్లాపూర్ దగ్గర మా అత్తగారి ఊళ్లో, కృష్ణ ఒడ్డున ఉంచాం. సంక్రాంతికి అందరం వెళ్లి పిల్లల్ని కూడా పడవలో తిప్పాలని ఇంట్లో అనుకుంటున్నారు. పాపకు 7 నెలలు, బరువు 6.5 కిలోలు. బాబుకు రెండున్నరేళ్లు, 12.5 కిలోలు. "మీ ఆయన్ని ఒళ్లో పెట్టుకుని పుట్టిలో నది దాటినదాన్ని, ఏమైంది?" అంటారు అత్తమ్మ. మా వారు ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండు లైఫ్ జాకెట్ల మీదా "4–6 ఏళ్లు" అని రాసి ఉంది. పాపను బేబీ క్యారియర్‌లో నా ఛాతీకి కట్టుకుంటే భద్రమే కదా? అసలు ఎన్ని నెలలు నిండితే పిల్లల్ని పడవ ఎక్కించవచ్చు?
— ఒక తల్లి, తార్నాక

సమాధానం: మీరు అడిగిన వరుసలో కాకుండా, ముందు నా నిర్ణయం చెప్పి ఆ తరువాత కారణాలు చెబుతాను. ఈ సంక్రాంతికి మీ బాబు కొన్ని షరతుల మీద పడవ ఎక్కవచ్చు. పాప ఎక్కకూడదు. ఆ రెండు జాకెట్లనూ వెనక్కి పంపించండి. క్యారియర్‌ను మాత్రం పడవ దరిదాపులకే తీసుకువెళ్లకండి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టిన వాక్యం అదే.

మీ అత్తగారి మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని పుట్టిలో కృష్ణ దాటిన తల్లులు ఆ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. అయితే పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రని బుట్ట. అది తెడ్డు వేసేవాడి చేతి బలంతో మనిషి నడిచే వేగానికి కాస్త అటూ ఇటూగా కదులుతుంది. దానికి ఇంజిన్ లేదు, ప్రొపెల్లర్ లేదు, అందులోని వారంతా అడుగున చతికిలబడి కూర్చుంటారు. 40 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న తేలికపాటి ఫైబర్ పడవ గంటకు 30 కిలోమీటర్ల వేగాన్ని సునాయాసంగా అందుకుంటుంది. ఆ వేగంలో ఉండగా నీటి కింద దాగిన మోడు ఏదైనా తగిలి పడవ ఒక్కసారిగా ఆగితే, ఒళ్లో ఉన్న బిడ్డ ఒళ్లో మిగలదు. ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. క్షేమంగా దాటినవారే తరువాత మనకు ఆ సంగతి చెబుతారు, దాటలేకపోయినవారు చెప్పడానికి మిగిలి ఉండరు. కాబట్టి పెద్దవాళ్ల అనుభవం నిజమే అయినా, అది సగం నిజం.

మనిషి అనుకోకుండా నీళ్లలో పడినప్పుడు మొదట జరిగేది గుక్క తిప్పుకోలేక గాలి ఎగబీల్చడం, ఆ వెంటనే జరిగేది చేతులు చాచి దొరికినదాన్ని పట్టుకోబోవడం. తల్లి ప్రేమకూ జాగ్రత్తకూ ఇందులో పాత్ర ఏమీ ఉండదు. శరీరం తనంతట తాను చేసే పని అది. ఆ క్షణంలో బిడ్డను గట్టిగా పట్టుకుని ఉంటానని ఎవరైనా అంటే, వారు ఎన్నడూ దుస్తులతో లోతు నీళ్లలో పడలేదని అర్థం. ఇక క్యారియర్ సంగతి. బిడ్డ ముఖం మీ ఛాతీకి ఆనించి, మూడు బకిళ్లతో మీ ఒంటికి కట్టి ఉంటుంది. మీరు జాకెట్ వేసుకుని పడినా, ముందుకు వాలిన ప్రతిసారీ బిడ్డ ముఖం నీటి కిందికి పోతుంది. వీపు వెనక ఉన్న బకిల్‌ను తడిచేతులతో, కంగారులో విప్పడానికి ఎంత సమయం పడుతుందో ఒకసారి ఇంట్లోనే, మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని ప్రయత్నించి చూడండి. పైగా క్యారియర్ అడ్డం ఉంటే బిడ్డకు జాకెట్ తొడగలేరు, మీ జాకెట్ కూడా సరిగా బిగదు. చీర కొంగుతో కట్టుకునే జోలెకూ ఇదే వర్తిస్తుంది. కొందరు కారులో వాడే పిల్లల సీటును పడవలో పెట్టి, బెల్టులతో బిడ్డను అందులో బిగిస్తారు. కారులో ప్రాణం కాపాడే ఆ సీటు నీళ్లలో బిడ్డతో సహా మునిగిపోతుంది. బిడ్డను పడవకే తాడుతో కట్టివేయడం మరీ ప్రమాదం, ఎందుకంటే మీది డెక్కు లేని చిన్న పడవ; అది తిరగబడితే కట్టి ఉన్న బిడ్డ దాని కిందే చిక్కుకుంటుంది. సముద్రంలో నెలల తరబడి తెరచాప నావల మీద కాపురం చేసే కుటుంబాలు పిల్లలకు నడుము పట్టీలు వేసి కడతాయన్న మాట నిజమే గానీ, బరువైన అడుగుతో, చుట్టూ కటకటాలూ వలలూ బిగించిన ఆ నావల పద్ధతి మీ పడవకు పనికిరాదు.

కనుక ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకోండి: ఈ బిడ్డ ఇప్పుడు ఒంటరిగా నీళ్లలో పడితే, ఎవరూ పట్టుకోకపోయినా ముఖం పైకి తేలి ఊపిరి తీసుకోగలదా? మిగతా నిర్ణయాలన్నీ ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటాయి. ఎన్ని నెలలు నిండాలని మీరు అడిగారు, నేను మాత్రం బరువూ మెడా చూడమంటాను. పసిబిడ్డ తల శరీరంతో పోలిస్తే చాలా పెద్దది. పుట్టినప్పుడు మొత్తం పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. అందుకే నీళ్లలో ముఖం కిందికి తిరగడం పసిపిల్లల్లో సహజం. తనకు సరిగ్గా అమరే జాకెట్ తొడగగలిగే బరువు వచ్చేదాకా శిశువును ఏ చిన్న పడవా ఎక్కించవద్దని అమెరికాలో తల్లిదండ్రులకు ఇచ్చే సలహా. ఆ బరువు ఎక్కువమంది పిల్లల్లో సుమారు 8 కిలోలు. అంతకు చిన్నవారికని అమ్మే జాకెట్లు లేకపోలేదు, కానీ వాటిలో బిడ్డ నిజంగా ముఖం పైకే తేలుతుందన్న నమ్మకం పరీక్షించి చూసుకుంటే తప్ప రాదు. 6.5 కిలోల బిడ్డతో ఆ పరీక్షలు చేయవలసిన అవసరం మీకు ఈ సంక్రాంతికి ఏమీ లేదు. నదికి తొందర లేదు, అది అక్కడే ఉంటుంది.

ఇప్పుడు జాకెట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. మా అమ్మాయికి రెండేళ్లప్పుడు రాణిగంజ్‌లో, పారిశ్రామిక భద్రతా సామగ్రి అమ్మే ఒక దుకాణంలో నారింజ రంగు జాకెట్ ఒకటి కొన్నాను. పిల్లల సైజేనన్నారు, తొడిగితే ముద్దుగా ఉంది, ముందు జిప్పు కూడా గట్టిగానే పడింది. మర్నాడు మా చెల్లెలి అపార్ట్‌మెంట్ ఈతకొలనులో దింపాను. నేను నడుము లోతు నీళ్లలో నిలబడి, రెండు చేతులూ దాని చంకల కింద ఉంచి, మెల్లగా పట్టు వదిలాను. జాకెట్ తేలింది. అమ్మాయి మాత్రం జాకెట్‌లోంచి కిందికి జారింది. కాలరు చెవులు దాటి పైకి వచ్చింది, జిప్పు చివర గడ్డానికి తగిలి తల వెనక్కి నెట్టింది, నోరు నీటి మట్టానికి కింద ఉంది, బయటికి రెండు కళ్లూ నుదురూ మాత్రం కనిపిస్తున్నాయి. ఏడవలేదు, అరవలేదు, కళ్లు పెద్దవి చేసి నన్నే చూసింది. నా చేతులు ఒక్క జానెడు దూరంలోనే ఉన్నాయి కాబట్టి ఒక గుక్క క్లోరిన్ నీళ్లతో పోయింది. ఆ జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేదు. పట్టీ లేకపోతే భుజాలు సన్నగా, పొట్ట గుండ్రంగా ఉండే ఈ వయసు పిల్లల ఒంటి మీద ఏ జాకెట్టూ నిలవదు. దర్జీతో నవారు పట్టీ కుట్టించి చూశాను కూడా. రెండోసారి లాగేసరికి కుట్టుతో పాటు బట్ట చిరిగి వచ్చింది. ఆ పొరపాటు మీరు చేయకండి, పట్టీతో తయారైనదే కొనండి.

మీ బాబుకు కావలసినది ఇది: చీటీ మీద వయసు కాక బరువు రాసి ఉండాలి, ఆ బరువు పరిధిలో 12.5 కిలోలు రావాలి. ఉదాహరణకు 10 నుంచి 20 కిలోలు అని ఉన్నది సరిపోతుంది. మీరు తెప్పించిన 4–6 ఏళ్ల జాకెట్ మీ బాబుకు రెండు సైజులు పెద్దది, పాపకైతే చెప్పనవసరమే లేదు. తేలే శక్తిని న్యూటన్లలో రాస్తారు. 50 న్యూటన్లు అని ఉన్నది ఈత వచ్చినవారికి ఊతంగా పనికివచ్చేదే తప్ప ముఖాన్ని పైకి తిప్పే జాకెట్ కాదు, కాబట్టి పిల్లలకు 100 న్యూటన్ల రకం తీసుకోండి. తల వెనక నీటిలో తలను మోసే మందపాటి కాలరు, ఆ కాలరు మీదో వీపు మీదో పట్టుకుని పైకి లాగడానికి గట్టి పిడి, కాళ్ల మధ్య పట్టీ, ఒక ఈల ఉండాలి. నీళ్లు తగలగానే గాలితో ఉబ్బే రకం ఈ వయసువారికి వద్దు. చేతులకు తొడిగే గాలి సంచులు, నడుముకు వేసే రంగురంగుల ట్యూబులు ఆటవస్తువులే, వాటిని పడవలోకి తీసుకురానే రావద్దు. కొన్నాక పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర జాకెట్‌ను పట్టుకుని పైకి ఎత్తండి. గడ్డమూ చెవులూ జాకెట్‌లోకి జారిపోతే అది పెద్దది. తరువాత నేను చేసినట్టే ఈతకొలనులో, చేయి దూరంలో ఉండి పరీక్షించండి. బాబు వెల్లకిలా తేలాలి, నోరు నీటికి స్పష్టంగా పైన ఉండాలి. ఆ పరీక్ష జరగకుండా ఊరికి బయలుదేరవద్దు.

రెండున్నరేళ్ల పిల్లవాడు కొత్త జాకెట్ తొడుక్కోవడానికి మొరాయిస్తాడు. ఒడ్డున మొదటిసారి తొడిగి, ఏడుస్తున్నవాణ్ని పడవలోకి ఎక్కించి, "పాపం ఉక్కపోస్తోంది" అని పది నిమిషాలకు విప్పేయడం మన ఇళ్లలో ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. అందుకని ఇంట్లో ఒక వారం రోజులు రోజూ కొంతసేపు తొడిగి ఆడుకోనివ్వండి, ఈల ఊదనివ్వండి. వీలైతే ముందుగా ఇక్కడే ఒక చిన్న ప్రయాణం చేయించండి. హుస్సేన్ సాగర్‌లో లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం దాకా వెళ్లే పెద్ద పడవ గానీ, దుర్గం చెరువులో గానీ, వాడి సొంత జాకెట్ తొడిగి తీసుకెళ్తే ఇంజిన్ చప్పుడుకు, ఊపుకు వాడెలా స్పందిస్తాడో మీకు తెలుస్తుంది. సందర్శకులకు అక్కడ ఇచ్చేవి ఎక్కువగా పెద్దవాళ్ల కొలతవి, అవి వాడికి అక్కరకు రావు. ఒక్క జాగ్రత్త: హుస్సేన్ సాగర్ నీళ్లు మురికివి కాబట్టి చేయి ముంచనివ్వకండి, ముంచితే, నోట్లో పెట్టుకోకముందే సబ్బుతో కడగండి. ఈ మాట సాగర్ మీద తెరచాప పడవలు నేర్చుకున్నదాన్నిగా, వానాకాలపు పడమటి గాలికి తిరగబడి ఆ నీళ్లు మింగినదాన్నిగా చెబుతున్నాను.

ఇక అసలు రోజు. పడవ ప్రయాణంలో ప్రమాదమంతా నడిమధ్య లోతు నీళ్లలో ఉంటుందని అనుకుంటాం గానీ, పిల్లలు జారిపడేది చాలావరకు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూనే. మీ ఊళ్లో చెక్క రేవు ఉండదు. బురద ఒడ్డు, పడవ ముక్కు ఒడ్డుకు ఆనించి ఉంటుంది, అడుగు వేయగానే వెనక్కి జరుగుతుంది. జలాశయం తగ్గుతున్న రోజుల్లో ఆ ఒడ్డు మీద పలచగా ఎండినట్టు కనిపించే మట్టి కింద మోకాలి లోతు జిగట ఉంటుంది, రెండడుగుల అవతలే హఠాత్తుగా లోతు ఉండవచ్చు. కాబట్టి బిడ్డను ఎత్తుకుని ఎవరూ పడవలోకి అడుగు వేయకూడదు. ఇంజిన్ ఆపి, ఒకరు ముందుగా పడవలోకి వెళ్లి మధ్యలో కూర్చోవాలి, నిలబడకూడదు. ఇంకొకరు పడవను పట్టుకోవాలి. మూడోవారు ఒడ్డున కాళ్లు గట్టిగా ఊని నిలబడి, అప్పటికే జాకెట్ తొడిగి ఉన్న బాబును చేతికి అందించాలి. అందుకున్నవారు "వచ్చాడు" అని నోటితో చెప్పేదాకా అందించినవారు చేయి వదలకూడదు. దిగేటప్పుడు ఇదే పని తలకిందులుగా చేయాలి. జాకెట్ కారు దగ్గర తొడగాలి, మళ్లీ కారు దగ్గరికి వచ్చాకనే విప్పాలి. ఒడ్డున ఆడుకుంటున్నప్పుడు కూడా అది ఒంటి మీదే ఉండాలి.

పడవలో బాబు చోటు మధ్యలో, అడుగున, మీ కాళ్ల మధ్య. బల్ల మీద కూర్చోబెట్టవద్దు. ముందు ముక్కు దగ్గర కూర్చుంటే దృశ్యం బాగుంటుంది, అందుకే పిల్లలు అక్కడికే పోతామంటారు. కానీ అక్కడి నుంచి పడినవారి మీదుగానే పడవ వెళ్తుంది, చివర ప్రొపెల్లర్ ఉంటుంది. వేగం పరుగెత్తే మనిషి వేగాన్ని మించనక్కరలేదు. ఫైబర్ పడవ వేగంగా వెళ్లేటప్పుడు ప్రతి చిన్న అలకూ అడుగు నేలకేసి కొట్టినట్టు ఎగిరిపడుతుంది, ఆ దెబ్బలు పసివాళ్ల మెడకూ వెన్నుకూ మంచివి కావు. మీ మరిదికి వేగం సరదా అయితే పిల్లలు లేనప్పుడు తీర్చుకోమనండి. ఇంజిన్ నడిపేవారి చేతికో నడుముకో కట్టుకునే ఎర్రతాడు ఒకటి ఉంటుంది, వారు నీళ్లలో పడితే అది ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. పాత పడవల్లో అది పోయి ఉంటుంది, లేదా ఎవరో అడ్డమని ఒక క్లిప్పు పెట్టి వదిలేసి ఉంటారు. ముందు అది ఉందో లేదో చూడండి. నడిపేవారు ఆ పూట మద్యం ముట్టకూడదని వేరుగా రాయవలసి రావడమే నాకు కష్టంగా ఉంది, అయినా పండుగ పూట కాబట్టి రాస్తున్నాను.

నడిపేవారిని పిల్లల కాపలాలో లెక్క వేయవద్దు. బాబుకు ప్రత్యేకంగా ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ మనిషికి ఆ అరగంట వేరే పని ఉండకూడదు. ఫోటోలు తీయడం కూడా పనే. కాపలా మార్చుకునేటప్పుడు "ఇక నీ చేతిలో" అని ఒకరు, "సరే, నా చేతిలో" అని ఇంకొకరు పైకి అనాలి. నలుగురు పెద్దవాళ్లు ఉన్న చోట ప్రతివారూ మిగతా ముగ్గురిలో ఎవరో ఒకరు చూస్తున్నారనుకోవడం వల్లనే పిల్లలు ఎక్కువగా నీటి పాలవుతారు. మునిగే బిడ్డ కేకలు పెట్టదు. చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి, నోరు మునుగుతూ తేలుతూ ఉంటుంది, అరవడానికి కావలసిన ఊపిరి ఉండదు. నిమిషం లోపలే అంతా అయిపోతుంది. పెద్దవాళ్లందరూ కూడా జాకెట్లు వేసుకుని తీరాలి. ఎవరైనా సిగ్గుపడితే, 2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం నాడు, విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం దగ్గర ఇదే కృష్ణలో విహారానికి వెళ్లిన పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయిన సంగతి గుర్తుచేయండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పడవలోనూ మన హైదరాబాదు వాళ్లు ఉన్నారు. గుచ్చడానికి కాదు, సిగ్గు వదిలించడానికే ఈ మాట.

మీ ఊరి నీటి గురించి కూడా ఒక్క మాట. కొల్లాపూర్, సోమశిల ప్రాంతంలోది శ్రీశైలం జలాశయపు నీరు. నిండినప్పుడు 885 అడుగుల మట్టం ఉండే ఆ జలాశయం వానాకాలం తరువాత క్రమంగా తగ్గుతూ పోతుంది. అవతలి గట్టున ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే ఉండే సంగమేశ్వరాలయం, మట్టం దిగాక మెల్లగా శిఖరంతో మొదలుపెట్టి బయటపడుతుందని మీ అత్తగారికి తెలిసే ఉంటుంది. గుడి బయటపడుతుంది గానీ, దానితో పాటు మునిగిన చెట్ల మోడులూ పాత గోడలూ అన్నీ ఒక్కసారి బయటపడవు; నీటికి జానెడు లోతున ఉండిపోయేవే పడవకు ప్రమాదం. కిందటి సెలవుల్లో తిరిగిన దారే ఇప్పుడూ ఉంటుందని మీ మరిది నమ్మకూడదు. రోజూ వల వేసే స్థానిక జాలరి ఒకరిని ముందు రోజు వెంట తీసుకుని పిల్లలు లేకుండా ఆ దారి ఒకసారి చూసి రమ్మనండి. జనవరిలో పొద్దున్నే పొగమంచు ఉంటుంది, అది పూర్తిగా విచ్చాక, తొమ్మిది దాటాక బయలుదేరండి. వేసవిలో అయితే మధ్యాహ్నం తరువాత ఈదురుగాలులూ పిడుగులూ ఉంటాయి కాబట్టి దామిని యాప్ చూడకుండా కదలకూడదు, ఈ నెలలో ఆ బాధ తక్కువే. అన్నట్టు, 2021లో వచ్చిన అంతర్గత జలమార్గాల పడవల చట్టం యంత్రంతో నడిచే పడవలకు రిజిస్ట్రేషన్, సర్వే కోరుతుంది. పాత పడవ కొన్నప్పుడు ఆ కాగితాలు మీ వారి పేరుకు మారాయో లేదో అడగండి.

ఎండ, చలి, తిండి. నీటి మీద ఎండ పైనుంచే కాక కింది నుంచి కూడా తగులుతుంది, టాపు సగమే కాపాడుతుంది. బాబుకు పొడుగు చేతుల నూలు చొక్కా, మెడ కప్పే టోపీ, ముఖానికి సన్‌స్క్రీన్ చాలు. తడిస్తే గాలికి త్వరగా చలి పుడుతుంది కాబట్టి ఒక జత పొడి బట్టలు, తువ్వాలు కవరులో పెట్టుకోండి. పండుగ పూట కాబట్టి అందరి చేతుల్లో ఏదో ఒకటి ఉంటుంది. పడవ కదులుతున్నప్పుడు బాబు చేతికి పల్లీలు, రేగుపళ్లు, చెరుకు ముక్క, విరిచిన సకినం ఇవ్వకండి. ఊపుకు గొంతులో అడ్డుపడితే అక్కడ మీకు సాయం దొరకదు. ఒడ్డుకు వచ్చాక తినవచ్చు. వాంతులవుతాయేమోనన్న భయంతో ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల ప్రయాణపు మాత్రలో సగం విరిచి వేయడం అసలే వద్దు. ప్రోమెథజీన్ ఉన్న మందు రెండేళ్ల లోపు పిల్లలకు శ్వాస ఆగే ప్రమాదం తెస్తుంది; రెండు దాటినా పిల్లల డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. పడవ నిలిచి ఉండి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు వెనక భాగంలో పొగ చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, బిడ్డ మత్తుగా ఉంటే నిద్ర అనుకుంటాం. అందుకే ఇంజిన్ పక్కన నిద్రపుచ్చవద్దు.

జరగకూడనిది జరిగితే ఏం చేయాలన్నది మీరు అడగలేదు, కానీ అది తెలియకుండా పిల్లల్ని నీటి మీదికి తీసుకువెళ్లకూడదు. మునిగిన పిల్లవాణ్ని కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇప్పటికీ చూస్తాం. వాటివల్ల పోయేది సమయం, పైగా కడుపులోని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. స్పృహా శ్వాసా లేని బిడ్డకు ముందు కావలసినది గాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోటిలో నోరు పెట్టి ఛాతీ పైకి లేచేటట్టు అయిదుసార్లు ఊదాలి; ఏడాది లోపు బిడ్డకైతే తల వంచకుండా, ముక్కూ నోరూ కలిపి మీ నోటితో కప్పి, బుగ్గలో పట్టేంత గాలి మాత్రమే ఊదాలి. చలనం లేకపోతే రొమ్ము ఎముక కింది సగం మీద, బాబుకైతే ఒక అరచేతి మడమతో ఛాతీ మందంలో మూడో వంతు లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30సార్లు నొక్కి రెండుసార్లు ఊదాలి, సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఒకరు ఇది చేస్తుంటే ఇంకొకరు 108కో 112కో ఫోన్ చేయాలి. ఆ ఒడ్డున ఏ కంపెనీ సిగ్నల్ అందుతుందో, కొల్లాపూర్‌లో రాత్రింబవళ్లు తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ముందే చూసి ఉంచండి. మునిగి తేలిన బిడ్డ లేచి ఆడుకుంటున్నా సరే, అదే రోజు డాక్టరుకు చూపించాలి; దగ్గూ ఆయాసమూ కొన్ని గంటల తరువాత మొదలుకావచ్చు. ఇదంతా చదివితే రాదు. మీరూ మీ వారూ ఒక పూట వెచ్చించి, రెడ్‌క్రాస్ వంటి సంస్థలు బొమ్మల మీద చేయించే ప్రథమ చికిత్స శిక్షణ తీసుకోండి.

ఇక పాప. మీరు పాలిచ్చే తల్లి కాబట్టి ప్రయాణాన్ని అరగంటకు మించనివ్వకండి; బాబుకు కూడా అంతకన్నా ఎక్కువ ఓపిక ఉండదు. ఆ అరగంటా పాప ఒడ్డున, నీటికి బాగా ఎడంగా, చెట్టు నీడన మీ అత్తగారి ఒళ్లో ఉంటుంది. ఆమెకు ఈ మాట కాదన్నట్టుగా కాకుండా పని అప్పగిస్తున్నట్టుగా చెప్పండి: ఒడ్డున ఫోను పట్టుకుని మీరు తిరిగి వచ్చే వేళ గమనించే మనిషి ప్రతి పడవకూ ఒకరు ఉండాలి, అనుకున్న వేళకు రాకపోతే ఎవరికి కబురు చేయాలో ఆమెకు తెలిసి ఉండాలి. ఊళ్లో ఆమెకు తెలిసినంతమంది జాలరులు మీకు తెలియరు.

దసరా నాటికి పాపకు ఏడాది దాటుతుంది, నడక వచ్చి ఉంటుంది. అప్పుడు తూచి చూడండి. 8 కిలోలు దాటితే ఆ బరువుకు తగిన జాకెట్ కొని, బాబుకు చేసినట్టే ముందు ఈతకొలనులో దింపి, మీ చేతులు జానెడు దూరంలో ఉంచి పట్టు వదలండి. వెల్లకిలా తేలి, నోరు పైన ఉంటే తీసుకువెళ్లండి. జలాశయం అప్పుడు నిండుగా ఉంటుంది, పైనుంచి వరద వస్తోందేమో ముందు కనుక్కుని మరీ.